గెలాక్సీ ఎటు తిరగాలో ఎవరు నిర్ణయిస్తారు?

ప్రశ్న: నేను బి.ఎస్సీ. ఫిజిక్స్ చివరి ఏడాది చదువుతున్నాను. జేమ్స్ వెబ్ టెలిస్కోప్ చూసిన గెలాక్సీల్లో మూడింట రెండొంతులు ఒకే దిశలో తిరుగుతున్నాయనీ, కాబట్టి మన విశ్వమంతా ఒక కృష్ణబిలం లోపల ఉందనీ ఒక వీడియోలో చూశాను. మా లెక్చరర్ గారిని అడిగితే, "ఏ గెలాక్సీ తిరుగుడు దానిదే. విశ్వం నిర్మాణానికీ దానికీ సంబంధం లేదు. ముందు పరీక్షలకు చదువుకో" అన్నారు. ఇద్దరిలో ఎవరి మాట నిజం? దీని మీదే కాలేజీలో ప్రాజెక్టు చేయాలని ఉంది. మాకు టెలిస్కోపు లేదు, మామూలు కంప్యూటర్లు ఉన్నాయంతే. చేయగలనా?
— ఒక విద్యార్థిని, తెనాలి

సమాధానం: చేయగలరు. టెలిస్కోపు అక్కర్లేదు. ఏం చేయాలో, ఎలా చేయాలో చివర్లో వివరంగా రాశాను.

మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది. వీడియో చెప్పింది నమ్మకండి. మీ లెక్చరర్ గారి మాటలో సగం సరైనదే. విశ్వం మొత్తానికీ కలిపి ఒకే తిరుగుడు దిశ ఉందనడానికి గట్టి ఆధారం లేదు. కానీ ఏ గెలాక్సీ తిరుగుడు దానిదే అన్నది మాత్రం ఒప్పుకోలేం. గెలాక్సీ తనంతట తాను తిరగడం మొదలుపెట్టలేదు. చుట్టుపక్కల ఉన్న పదార్థం దాన్ని తిప్పింది. ఆ చుట్టుపక్కల అంటే కొన్ని కోట్ల కాంతి సంవత్సరాల మేర పరుచుకున్న నిర్మాణం. సంబంధం ఉంది, అయితే అది స్థానికమైనది, బలహీనమైనది, వేల గెలాక్సీలను కలిపి లెక్క వేస్తేనే బయటపడేది.

ముందు ఆ వీడియో సంగతి చూద్దాం. దాని వెనక నిజంగానే ఒక పరిశోధనా పత్రం ఉంది. అమెరికాలో కాన్సస్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన లియోర్ షామీర్ 2025లో దాన్ని ప్రచురించారు. జేమ్స్ వెబ్ లోతుగా ఫొటో తీసిన ఒక ప్రాంతంలో తిరిగే దిశ తెలుస్తున్న 263 గెలాక్సీలను ఆయన తీసుకున్నారు. 158 సవ్యదిశలో, 105 అపసవ్యదిశలో తిరుగుతున్నట్టు తేలింది. అంటే 60 శాతం. వార్తల్లోకి వచ్చేసరికి అది మూడింట రెండొంతులైంది.

ఇక్కడ మీరు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న: సవ్యదిశ అంటే ఎవరు చూస్తే? మనకు సవ్యదిశలో తిరుగుతున్నట్టు కనిపించే గెలాక్సీని అవతలి వైపు నుంచి చూసేవాళ్లకు అది అపసవ్యదిశలో కనిపిస్తుంది. గెలాక్సీల అక్షాలు అన్ని దిక్కులకూ చెల్లాచెదురుగా ఉంటే మనకు సగం ఇటు, సగం అటు కనిపించాలి. 263లో సగమంటే 131 లేదా 132. యాదృచ్ఛికంగా వచ్చే తేడా, మీరు సంభావ్యత పాఠంలో చదివిన లెక్క ప్రకారం, దాదాపు 8. ఇక్కడ వచ్చిన తేడా 26కు పైనే, అంటే మూడు రెట్లకు మించి. కాబట్టి ఆ సంఖ్యను చూడగానే పక్కన పడేయడం న్యాయం కాదు.

అలాగని దాని మీద విశ్వాన్ని నిలబెట్టలేం. ఆ ఫొటో తీసిన ఆకాశపు ముక్క పున్నమి చంద్రుడి కంటే చిన్నది. పైగా దూరపు గెలాక్సీల్లో చాలావాటికి తిరుగుడు దిశ తెలియదు. తెలిసిన వాటినే ఏరుకున్నప్పుడు ఆ ఏరడంలో పక్షపాతం దూరిందేమో చూడాలి. వీడియోలు వదిలేసిన ఇంకో సంగతి ఉంది. షామీర్ తన పత్రంలో రెండు వివరణలు ఇచ్చారు. ఒకటి, విశ్వం పుట్టుకతోనే తిరుగుతూ ఉండొచ్చు. రెండు, మనం పాలపుంతతో పాటు తిరుగుతున్నాం కాబట్టి, డాప్లర్ ప్రభావం (మన వైపు వచ్చే వస్తువు కాంతి కాస్త పెరిగి, దూరంగా పోయేదాని కాంతి కాస్త తగ్గి కనిపించడం) వల్ల ఒక దిశలో తిరిగే గెలాక్సీలు మనకు కాస్త ఎక్కువ కాంతివంతంగా కనిపించి లెక్కలోకి ఎక్కువగా వచ్చి ఉండొచ్చు. రెండోదాన్ని ఎవరూ థంబ్‌నెయిల్‌గా పెట్టరు.

ఇలాంటి లెక్క ఇది మొదటిది కాదు. 2007లో గెలాక్సీ జూ అనే ప్రాజెక్టు మొదలైంది. ప్రపంచమంతటా ఉన్న మామూలు మనుషులు ఇంటర్నెట్‌లో గెలాక్సీల ఫొటోలు చూసి ఇది సర్పిలమా (కేంద్రం చుట్టూ చేతులు చుట్టుకున్న ఆకారమా), ఎటు తిరుగుతోంది అని గుర్తించేవారు. లెక్క తీస్తే అపసవ్యదిశవి ఎక్కువ వచ్చాయి. అప్పుడు కేట్ లాండ్ బృందం ఒక చక్కటి పని చేసింది. అవే ఫొటోలను అద్దంలో చూసినట్టు తిరగేసి మళ్లీ జనానికి చూపించింది. తేడా ఆకాశంలో ఉంటే, తిరగేసిన ఫొటోల్లో సవ్యదిశవి ఎక్కువ రావాలి. రాలేదు. మళ్లీ అపసవ్యదిశవే ఎక్కువ వచ్చాయి. అంటే ఆ మొగ్గు చూసేవాళ్ల కళ్లలో ఉంది. 2008లో వచ్చిన ఈ పత్రం నాకు ఎంతో ఇష్టం. సైన్సులో నిజాయితీ అంటే ఏమిటో అది చేసి చూపించింది.

షామీర్ మనుషుల కళ్ల మీద కాక సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడ్డారు కాబట్టి ఈ లోపం ఆయనకు నేరుగా వర్తించదు. కానీ ఆయన అంతకుముందు వాడిన ఒక పెద్ద జాబితాను జపాన్ ఖగోళవేత్త మసనోరి ఇయే బృందం 2021లో తిరిగి పరిశీలించింది. ఒకే గెలాక్సీ పలుమార్లు లెక్కలోకి వచ్చిందని తేలింది. ఆ నకళ్లను తీసేస్తే చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు. 2024లో పటేల్, డెస్మండ్ అనే ఇద్దరు వేర్వేరు జాబితాలను మళ్లీ లెక్కగట్టి, ఒక దిశ మీద మొగ్గు ఉందనడానికి ఆధారం లేదన్నారు. షామీర్ ఈ విమర్శలను ఒప్పుకోలేదు, వాదన సాగుతోంది.

కృష్ణబిలం ఆలోచన మాత్రం పిచ్చిది కాదు, కొత్తదీ కాదు. భారతదేశంలో పుట్టిన భౌతిక శాస్త్రవేత్త ఆర్.కె. పత్రియా 1972లోనే నేచర్ పత్రికలో విశ్వాన్ని కృష్ణబిలంగా భావించవచ్చా అని రాశారు. అంతకుముందు 1949లో కర్ట్ గోడెల్ ఐన్‌స్టీన్ సమీకరణాలకు తిరిగే విశ్వం కూడా ఒక పరిష్కారమేనని చూపించాడు. సమీకరణాలు ఒప్పుకుంటాయి సరే, మన విశ్వం ఒప్పుకుంటుందా? విశ్వం మొత్తం తిరుగుతుంటే ఆ గుర్తు బిగ్ బ్యాంగ్ తర్వాత మిగిలిన సూక్ష్మతరంగ కాంతిలో కనిపించాలి. 2016లో డేనియెలా సాదే బృందం ప్లాంక్ ఉపగ్రహం కొలతల్లో దానికోసం వెతికింది. విశ్వానికి ప్రత్యేకమైన దిశంటూ ఏదీ లేదనడానికే 1,21,000కు 1 చొప్పున మొగ్గు ఉందని తేల్చింది. నేను 263 గెలాక్సీలను, ఆకాశమంతా కొలిచిన ఈ కొలతను పక్కపక్కన పెడితే రెండోదాన్నే నమ్ముతాను.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. గెలాక్సీ తిరుగుడులో రెండు విడివిడి విషయాలున్నాయి: ఎంత వేగంగా తిరుగుతోంది, దాని అక్షం ఎటు వాలి ఉంది. రెంటికీ విశ్వ నిర్మాణంతో సంబంధం ఉంది, కానీ వేర్వేరు దారుల్లో. వీటిని కలిపేయడం వల్లే మీరు చూసిన వీడియో లాంటి గందరగోళాలు పుడతాయి.

వేగం సంగతి మీరు కొంత చదివే ఉంటారు. 1914లో వెస్టో స్లైఫర్ కన్యారాశిలో ఉన్న ఒక 'నెబ్యులా' (మబ్బులా కనిపించే వస్తువు) వర్ణపటంలో గీతలు వాలి ఉండడం చూసి, అది తిరుగుతోందని పట్టుకున్నాడు. ఇప్పుడు దాన్ని సాంబ్రెరో గెలాక్సీ అంటున్నాం. అప్పటికి గెలాక్సీలనేవి పాలపుంతకు అవతల ఉన్నాయని కూడా తేలలేదు. 1970లో వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడాను కొలిచినప్పుడు అంచుల దగ్గర వేగం తగ్గకపోవడం కనిపించింది. సౌరకుటుంబంలో బుధుడు సెకనుకు 47 కిలోమీటర్ల వేగంతో పోతుంటే నెప్ట్యూన్ 5 కిలోమీటర్ల పైచిలుకుతో పోతుంది. గెలాక్సీలో అలా తగ్గడం లేదంటే కనిపించని పదార్థం దూరం దాకా పరుచుకుని ఉందన్నమాట. దాన్నే కృష్ణ పదార్థం అంటున్నాం. విశ్వంలో పదార్థమంతటినీ తూస్తే ఆరింట అయిదొంతులు అదే. గెలాక్సీలను వరుసల్లో, గోడల్లో పేర్చిందీ ఆ పదార్థం గురుత్వాకర్షణే. గెలాక్సీ అంచున ఒక నక్షత్రం పరుగు, కోట్ల కాంతి సంవత్సరాల గెలాక్సీ వరుస, రెండూ ఒకే పదార్థం పనులు.

వేగం వల్ల ఇంకో గొప్ప ఉపకారం జరిగింది. దాని గురించి తెలుగులో ఎవరూ రాయగా నేను పెద్దగా చూడలేదు, అందుకే కాస్త ఆగి చెబుతాను. 1977లో బ్రెంట్ టల్లీ, రిచర్డ్ ఫిషర్ ఒక సంబంధం కనిపెట్టారు. సర్పిల గెలాక్సీ ఎంత వేగంగా తిరిగితే అంత కాంతివంతంగా ఉంటుంది. హైడ్రోజన్ విడుదల చేసే 21 సెంటీమీటర్ల రేడియో గీత ఎంత వెడల్పుగా సాగిందో చూస్తే వేగం తెలుస్తుంది. వేగం తెలిస్తే అసలు కాంతి ఎంతో తెలుస్తుంది. మనకు కనిపించే కాంతితో దాన్ని పోలిస్తే దూరం తెలుస్తుంది. దూరం విడిగా తెలిస్తే, ఆ దూరానికి విశ్వ వ్యాకోచం వల్ల ఎంత వేగం ఉండాలో లెక్కగట్టి, నిజంగా ఉన్న వేగంలోంచి తీసేయొచ్చు. మిగిలింది ఆ గెలాక్సీ ఎటువైపు లాగబడుతోందో చెబుతుంది. టల్లీ బృందం ఇలా వేల గెలాక్సీల ప్రవాహాలను గీసి, 2014లో మనం ఉన్న మహాసమూహం హద్దులు పట్టుకుంది. 52 కోట్ల కాంతి సంవత్సరాల విస్తీర్ణం, దాదాపు లక్ష గెలాక్సీలు. దానికి లానియాకియా అని హవాయీ భాషలో పేరు పెట్టారు. ఆ పటం గీయడానికి వాడిన దూరాల్లో చాలా భాగం గెలాక్సీలు తిరిగే వేగం నుంచే వచ్చాయి. మీ లెక్చరర్ గారికి ఈ ఒక్క సంగతి చెప్పండి చాలు.

ఇక అక్షం. అన్నిటికంటే అందమైన భాగం ఇదే.

తొలి విశ్వంలో పదార్థం దాదాపు సమంగా పరుచుకుని ఉంది. లక్షలో ఒక వంతు హెచ్చుతగ్గులు, అంతే. అందులో సుడులు ఏవైనా ఉన్నా విశ్వం వ్యాకోచించేకొద్దీ అవి బలహీనపడి మాయమవుతాయి. 1950ల మొదట్లో వైజ్‌సాకర్, గామోవ్ వంటివాళ్లు గెలాక్సీల తిరుగుడుకు తొలినాటి సుడులే కారణమేమోనని ఆలోచించారు కానీ, ఈ చిక్కు దగ్గరే ఆ దారి మూసుకుపోయింది. మరి తిరుగుడు లేని చోట తిరుగుడు ఎలా పుట్టింది?

జవాబు ఫ్రెడ్ హాయిల్ 1949లో సూచించాడు, జిమ్ పీబుల్స్ 1969లో లెక్కగట్టాడు, మరుసటేడు సోవియట్ శాస్త్రవేత్త డొరోష్కెవిచ్ దాన్ని సరిదిద్దాడు. గెలాక్సీగా మారబోయే పదార్థపు ముద్ద గుండ్రంగా ఉండదు, ఒక పక్కకు సాగి ఉంటుంది. చుట్టూ ఉన్న ఇతర ముద్దలు దాన్ని లాగుతాయి, కానీ ఒక కొసను ఎక్కువగా, మరో కొసను తక్కువగా లాగుతాయి. కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి ముందుకు లాగి, రెండోది వెనకబడితే బండి ఒక పక్కకు తిరుగుతుంది చూడండి, అలాగే ఆ ముద్ద కూడా మెల్లగా తిరగడం మొదలుపెడుతుంది. దీన్నే టైడల్ టార్క్ సిద్ధాంతం అంటారు, టార్క్ అంటే తిప్పే బలం. ఈ లాగుడు వల్ల ఆ ముద్ద కోణీయ ద్రవ్యవేగం, అంటే దానిలో చేరిన తిరుగుడు, కాలంతో పాటు పెరుగుతూ పోతుంది. ఆ ముద్ద వ్యాకోచం నుంచి విడిపోయి తనలోకి తాను కుంచించుకోవడం మొదలయ్యాక, దాని కొసలు దగ్గరకు వచ్చేస్తాయి కాబట్టి టార్క్ పట్టు సడలుతుంది. అప్పటిదాకా అందిన కోణీయ ద్రవ్యవేగం ఎక్కడికీ పోదు. ముద్ద చిన్నదవుతున్నకొద్దీ తిరుగుడు జోరందుకుంటుంది, వాయువు చదునైన డిస్కుగా సర్దుకుంటుంది. సూర్యుడు ఇప్పుడు పాలపుంత కేంద్రం చుట్టూ సెకనుకు సుమారు 230 కిలోమీటర్ల వేగంతో పోతున్నాడంటే, ఆ కదలికలో పాలపుంతకు వెయ్యికోట్ల ఏళ్ల కిందటి ఇరుగుపొరుగు లాగిన లాగుడు ఉంది.

ఇరుగుపొరుగు ఎలా అమరి ఉన్నారన్నది తర్వాతి మెట్టు. సోవియట్ యూనియన్‌లోనే యాకోవ్ జెల్డోవిచ్ 1970లో చెప్పిన ప్రకారం, పదార్థం అన్ని వైపుల నుంచీ ఒకేసారి కూలిపోదు. ముందు ఒక దిక్కున నలిగి పలుచని గోడ అవుతుంది. తర్వాత రెండో దిక్కున నలిగి సన్నని తీగ అవుతుంది, దీన్నే ఫిలమెంట్ అంటారు. చివరికి మూడో దిక్కున కూడా నలిగితే గెలాక్సీ గుచ్ఛం. ఖాళీల్లోంచి గోడల్లోకి, గోడల్లోంచి ఫిలమెంట్లలోకి, ఫిలమెంట్ల వెంబడి గుచ్ఛాల్లోకి పదార్థం పారుతూనే ఉంటుంది. 1986లో వాలెరీ ద లపారెంట్, మార్గరెట్ గెల్లర్, జాన్ హుక్రా సుమారు 1,100 గెలాక్సీల దూరాలను పటం మీద పెట్టినప్పుడు ఈ నిర్మాణం కంటికి కట్టినట్టు కనిపించింది. 1996లో దీనికి కాస్మిక్ వెబ్ అనే పేరు స్థిరపడింది.

గోడలోంచి ఫిలమెంట్‌లోకి పదార్థం వచ్చి పడేటప్పుడు ఫిలమెంట్ చుట్టూ సుడులు ఏర్పడతాయి. ఆ సుడుల్లో పుట్టిన చిన్న గెలాక్సీల అక్షం ఫిలమెంట్ పొడవు వెంబడే ఉంటుంది. ఆ తర్వాత గెలాక్సీలు ఫిలమెంట్ వెంబడి ప్రయాణిస్తూ ఒకదాన్నొకటి ఢీకొని కలిసిపోతాయి. రెండు గెలాక్సీలు ఫిలమెంట్ వెంబడి ఎదురెదురుగా వచ్చి కలిస్తే, వాటి కక్ష్యలోని కోణీయ ద్రవ్యవేగం ఫిలమెంట్‌కు లంబంగా ఉంటుంది. అదే కొత్త గెలాక్సీకి సంక్రమిస్తుంది. అందుకే చిన్న గెలాక్సీల అక్షాలు ఫిలమెంట్‌కు సమాంతరంగా, బాగా పెరిగినవాటి అక్షాలు లంబంగా ఉండే మొగ్గు కనిపించాలి. సాండ్రీన్ కోడిస్ బృందం 2012లో భారీ కంప్యూటర్ సిమ్యులేషన్‌లో దీన్ని స్పష్టంగా చూపించింది. ఆకాశంలో దొరుకుతుందా? 2013లో టెంపెల్, లిబెస్కిండ్ స్లోన్ సర్వేలో (ఆకాశాన్ని ఫొటోలు తీసి గెలాక్సీల దూరాలు కొలిచిన పెద్ద సర్వే) చూస్తే సర్పిలాల అక్షాలు ఫిలమెంట్ల వెంబడి, దీర్ఘవృత్తాకార గెలాక్సీలవి అడ్డంగా ఉండే మొగ్గు కనిపించింది. 2020లో షార్లొట్ వెల్కర్ బృందం ఆస్ట్రేలియాలోని సామి సర్వేతో, ఫొటోలో ఆకారాన్ని కాక గెలాక్సీ లోపలి కదలికనే కొలిచి, ఈ మలుపును చూసింది. నక్షత్రాల ద్రవ్యరాశి సూర్యుడి కంటే కొన్ని వేల కోట్ల రెట్లు దాటే దగ్గర అక్షం మొగ్గు మారుతోంది.

"మొగ్గు" అనే మాటను నేను కావాలనే మళ్లీ మళ్లీ వాడుతున్నాను. ఏదో ఒక గెలాక్సీని చూపించి ఇది ఫిలమెంట్‌కు సమాంతరంగా ఉండి తీరాలి అనలేం. లక్షల మందిలో సగటు ఎత్తు తేల్చినంత మాత్రాన మీ పక్కింటాయన ఎత్తు చెప్పలేనట్టే. మన పాలపుంత మాత్రం ఈ మొగ్గుకు తగ్గట్టే ఉంది. దగ్గరి గెలాక్సీలన్నీ దాదాపు ఒక గోడలో పరుచుకుని ఉన్నాయి, ఆ గోడ తలానికి మన డిస్కు 84 డిగ్రీల కోణంలో నిలబడి ఉంది. అంటే మన అక్షం దాదాపు ఆ గోడలోనే పడుకుని ఉందన్నమాట.

ఫిలమెంట్లే స్వయంగా తిరుగుతున్నాయా? 2021లో పెంగ్ వాంగ్, లిబెస్కిండ్ బృందం వేల ఫిలమెంట్లను కలిపి చూస్తే ఒక పక్క గెలాక్సీలు మన వైపు వస్తున్నట్టు, రెండో పక్కవి దూరంగా పోతున్నట్టు కనిపించింది. వేగం సెకనుకు దాదాపు 100 కిలోమీటర్లు. ఆ తర్వాత దక్షిణాఫ్రికాలోని మీర్‌కాట్ రేడియో టెలిస్కోప్‌తో ఒకే ఒక్క ఫిలమెంట్‌లో హైడ్రోజన్ ఎక్కువున్న 14 గెలాక్సీలు వరుసగా ఉండి, చాలావరకు ఫిలమెంట్ తిరిగే తీరులోనే తిరుగుతున్నట్టు 2025 చివర్లో ప్రకటించారు. కోట్ల కాంతి సంవత్సరాల పొడవున తిరిగే వస్తువు! నాకు ఒళ్లు పులకరించింది. వీడియో చేసేవాళ్లు దీన్ని వదిలేసి కృష్ణబిలం వెంట పడ్డారు.

ఈ సంబంధం ఎంత దూరం దాకా పనిచేస్తుందో కూడా తెలుసుకోండి. పుణెలోని ఖగోళ పరిశోధనా సంస్థ అయుకాకు చెందిన జయదీప్ బాగ్చీ, పుణెలోనే ఐసర్ సంస్థకు చెందిన శిశిర్ సంఖ్యాయన్ తదితరులు 2017లో మీనరాశి వైపు 400 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఒక మహాసమూహాన్ని కనిపెట్టి సరస్వతి అని పేరు పెట్టారు. దాని విస్తీర్ణం 60 కోట్ల కాంతి సంవత్సరాలు. ఒక కొసన ఉన్న గెలాక్సీకీ, రెండో కొసన ఉన్న గెలాక్సీకీ అక్షాలు కలుస్తాయని ఏ సిద్ధాంతమూ చెప్పదు. ఎవరి ఫిలమెంట్ వాళ్లది. మీ లెక్చరర్ గారి మాటలో నేను సరైనదన్న సగం ఇదే.

మీ ప్రాజెక్టుకు నా దగ్గర రెండు ఆలోచనలున్నాయి, మొదటిది చేయమని సలహా. స్లోన్ సర్వే సమాచారమంతా దాని వెబ్‌సైటు స్కైసర్వర్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులోనే గెలాక్సీ జూ ఓట్ల పట్టిక కూడా ఉంది. ఒక్కో గెలాక్సీకి సవ్యదిశ అన్నవాళ్ల వంతు, అపసవ్యదిశ అన్నవాళ్ల వంతు వేర్వేరు గళ్లలో ఉంటాయి. మనకు ఎదురుగా ఉన్న సర్పిల గెలాక్సీలు రెండు వందలు ఏరండి. ప్రతి ఫొటోకూ అద్దంలో చూసినట్టు తిరగేసిన నకలు ఒకటి తయారు చేయండి. అన్నీ కలిపేసి, ఏది అసలు, ఏది తిరగేసింది చెప్పకుండా మీ క్లాసువాళ్లకు చూపించండి. ఒక గెలాక్సీ రెండు రూపాలూ ఒకరికే వెంటవెంటనే రాకుండా చూడండి. అసలు ఫొటోల్లో, తిరగేసిన వాటిలో వచ్చిన లెక్కలను పోల్చండి. తేడా ఆకాశానిదైతే తిరగేసినప్పుడు తారుమారవుతుంది, కళ్లదైతే అలాగే ఉంటుంది. 2008 నాటి పరీక్షను తెనాలిలో మీరు మళ్లీ చేసినట్టే. పైగా సర్పిలం చేతులు చూసి తిరుగుడు దిశ ఊహించడం ఎప్పుడూ సురక్షితం కాదని కూడా మీ రిపోర్టులో రాయండి. దాదాపు అన్నిటిలోనూ చేతులు తిరుగుడుకు వెనక్కి వాలి ఉంటాయి కానీ, ఎన్‌జీసీ 4622 వంటి గెలాక్సీలో ముందుకు వాలిన చేతులు కూడా ఉన్నాయి.

సమయం మిగిలితే రెండోది. కోమా గుచ్ఛానికీ, సింహరాశిలో ఉన్న ఆబెల్ 1367 గుచ్ఛానికీ మధ్య గెలాక్సీల వరుస ఒకటి ఉంది. రెండూ దాదాపు ఒకే దూరంలో, 30 కోట్ల కాంతి సంవత్సరాల పైన ఉన్నాయి కాబట్టి ఆ వరుస మనకు అడ్డంగా పరుచుకుని ఉంది. ఇది చాలా ముఖ్యం. మన చూపు వెంబడి ఉన్న ఫిలమెంట్లను నమ్మకండి, గెలాక్సీల సొంత వేగాలు దూరం లెక్కను సాగదీసి లేని వరుసలను చూపిస్తాయి. అంచు నుంచి కనిపించే సర్పిలాలను మాత్రమే తీసుకోండి. వాటి అక్షం ఫొటోలో పొడవాటి వైపుకు లంబంగా ఉంటుంది కాబట్టి కోణం తేలిగ్గా తెలుస్తుంది. వాలుగా కనిపించేవాటిలో ఏ అంచు మనకు దగ్గరో తేలక, ఒకే ఫొటోకు రెండు అక్షాలు కుదురుతాయి. అక్షానికీ వరుసకూ మధ్య కోణాలను సున్నా నుంచి 90 డిగ్రీల దాకా గీసి, సగటు 45కు ఎంత దగ్గరగా ఉందో చూడండి. తర్వాత కంప్యూటర్‌తో యాదృచ్ఛిక కోణాలు ఇచ్చి అదే లెక్క వెయ్యి సార్లు వేయించండి. వంద గెలాక్సీలతో మీకు మొగ్గు కనిపించకపోవడానికే అవకాశం ఎక్కువ. వేలకొద్దీ గెలాక్సీలుంటేనే అది తేలుతుందని పైన చెప్పాను. ఏమీ కనిపించకపోతే కనిపించలేదనే రాయండి, ఎన్ని గెలాక్సీలుంటే కనిపించి ఉండేదో లెక్కగట్టి పక్కన రాయండి. పరీక్షకులకు ఆ లెక్కే ఎక్కువ నచ్చుతుంది.

ఇది పనికొచ్చే పనేనా అని ఎవరైనా అడిగితే చిలీలోని వెరా రూబిన్ అబ్జర్వేటరీ గురించి చెప్పండి. 8.4 మీటర్ల అద్దంతో పదేళ్లపాటు ఆకాశాన్ని చిత్రించడం దాని పని. కృష్ణ పదార్థం దూరపు గెలాక్సీల కాంతిని వంచి వాటి ఆకారాన్ని ఒక శాతం మేర మారుస్తుంది. ఆ మార్పును కొలిచి విశ్వ నిర్మాణాన్ని లెక్కగట్టాలన్నది దాని పనుల్లో ఒకటి. యూక్లిడ్ ఉపగ్రహం పనీ అదే. గెలాక్సీలు పుట్టుకతోనే ఫిలమెంట్లను బట్టి ఒక పక్కకు వాలి ఉంటే ఆ కొలత తప్పుతుంది. అందువల్ల గెలాక్సీల అక్షాల మొగ్గు ఎంతో తెలియకుండా ఆ సర్వేల ఫలితాలను పూర్తిగా నమ్మలేం. ఈ పని చేయగలిగినవాళ్లు ఇప్పుడు కావాలి.

మీ లెక్చరర్ గారినే గైడుగా ఉండమని అడగండి. పరీక్షలకు చదువుకోమన్న ఆయన మాటా తీసిపారేయకండి. డాప్లర్ ప్రభావం, కోణీయ ద్రవ్యవేగం, సంభావ్యత, ఈ ప్రాజెక్టుకు కావలసినవన్నీ మీ సిలబస్‌లో ఉన్నవే. ఎమ్మెస్సీకి జామ్ అనే ప్రవేశ పరీక్ష రాయండి. ఈలోగా పైథాన్ అనే కంప్యూటర్ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోండి, నెల రోజులు గట్టిగా కూర్చుంటే ఈ ప్రాజెక్టుకు సరిపడా వస్తుంది. ముందుగా స్కైసర్వర్‌లో పది గెలాక్సీలు మాత్రమే దించుకుని, వాటితో మొత్తం లెక్క ఒకసారి పూర్తిచేసి చూడండి. రెండు వందలకు ఆ తర్వాతే వెళ్లండి.